పెంచలమ్మ వక్కాకు సంచి

మంగళవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి, పెంచలమ్మ స్నానాల గదిలో తలకు పోసుకుంటూ ఉండగా, ఆమె మనవరాలు హేమశ్రీ ఇంటికి బయట తాళం వేసుకుని బడికి వెళ్ళిపోయింది.

ఇందులో ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. పెంచలమ్మ తలుపు సందులోంచి మూడు పనులు చెప్పింది. పాలగిన్నె ఫ్రిజ్జులో పెట్టు, నా ఫోను చార్జింగులో పెట్టు, తలుపు దగ్గరికేసి పో. పదో తరగతి చదివే హేమశ్రీ మూడూ శ్రద్ధగానే చేసింది. ఫోను ఫ్రిజ్జులో పెట్టింది. పాలగిన్నెను ప్లగ్గు పక్కన, మూత పెట్టి మరీ ఉంచింది. తలుపు వేసి, రోజూ ఉన్న అలవాటు కొద్దీ తాళం కూడా తగిలించింది.

కొడుకూ కోడలూ ఇంకా చీకటి ఉండగానే కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోయారు. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన పెంచలమ్మకు మొదట తలుపు రాలేదు. తర్వాత ఫోను కనబడలేదు. ఆ తర్వాత ఫ్రిజ్జు పాట అందుకుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు పాడటం ఆమె ఎన్నడూ ఎరగదు కాబట్టి కాసేపు నిలబడి విన్నది. తెరిచి చూస్తే పెరుగు గిన్నెకూ కొత్తిమీర కట్టకూ మధ్య ఫోను వెలుగుతోంది. చేసింది ఢిల్లీబాబు, ఆమె పనిచేసే మరమగ్గాల షెడ్డు యజమాని.

"యాడుండావక్కా? పన్నెండు మగ్గాలు బీము కోసం నోరు తెరుసుకోని ఉండాయి."

"ఇంట్లో ఉండానప్పా. తాళం ఏసుండాది."

"తాళం తీసుకోని రా మరి."

"తాళం బయట ఉండాది. నేను లోపలుండా."

"లోపలుండి బయట తాళం ఎట్లేసుకున్నావక్కా?"

"ఫోను చెవి కాడ పెట్టుకోలేకపోతా ఉండానప్పా, మంచుగెడ్డ మాదిరుండాది. మురుగేష్‌ను పంపించు."

మురుగేష్ ఆ షెడ్డులో మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. అతను స్పానర్ల సంచితో వచ్చి గొళ్ళెం మరలు విప్పేలోపు వీధిలో పదిమంది చేరారు. ఎదురింటామె కిటికీ ఊచల్లోంచి ఒక దోసె అందించింది. పెంచలమ్మ వద్దనలేదు.

గంటన్నర ఆలస్యంగా ఆమె షెడ్డులో అడుగుపెడితే తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. దానికి కారణముంది. నగరి పట్టణంలో గళ్ళ లుంగీ నేసే ప్రతి షెడ్డులోనూ ముందు పడుగు చుట్టాలి. నిలువు దారాలన్నీ రంగుల వరస తప్పకుండా బీము అనే పెద్ద రోలరు మీదికి ఎక్కాలి. నలుపు ఇన్ని పోగులు, తెలుపు ఇన్ని, ఎరుపు ఇన్ని. ఒక్క వరస తప్పితే ఆ బీము నుంచి దిగే లుంగీలన్నీ తప్పే. ఢిల్లీబాబు ఆ వరసను నోటితో గడగడా చెప్పేస్తాడు. పెంచలమ్మ కళ్ళు మూసుకుని, తలూపి, "సరేప్పా" అంటుంది. అంతే. మళ్ళీ అడగదు, ఒక్క పోగు తప్పదు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఢిల్లీబాబు వాళ్ళ నాయన బతికున్నప్పుడు కొత్తవాళ్ళను పిలుచుకొచ్చి ఆమెను చూపించేవాడు. ఊళ్ళో ఆమెకు కంప్యూటరు పెంచలమ్మ అనే పేరుంది. ఆమె వద్దని ఎప్పుడూ అనలేదు, అవునని కూడా అనలేదు. వరస విన్న తర్వాత మాత్రం ప్రతిసారీ దారపు కోన్ల స్టాండు వెనక్కి వెళ్ళి, నడుముకు దోపుకున్న వక్కాకు సంచి విప్పి, తీరిగ్గా ఒక ఆకు వేసుకుని వచ్చేది.

అలాంటి అవ్వకు ఇలాంటి మనవరాలేమిటని వీధి వీధంతా అనుకుంది. కొందరు వినబడేటట్టే అనుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం హేమశ్రీ బడి నుంచి సైన్సు మాస్టారు రాజారత్నం కబురు పెట్టాడు. తాళం సంగతి ఆయన దాకా వెళ్ళిందేమోనని పెంచలమ్మ చీర మార్చుకుని మరీ వెళ్ళింది. తాళం సంగతి వెళ్ళనే వెళ్ళింది గానీ, ఆయన పిలిచింది అందుకు కాదు.

"మీ పాపకి తెలివి తక్కువ కాదమ్మా. ఆ మాట ఎవరన్నా నమ్మొద్దు," అన్నాడాయన. "ఒకటి చెప్తే గట్టిగా పట్టుకుంటాది. వెంటవెంటనే మూడు చెప్తే ఒకటి జారిపోతాది. బోర్డు మీద లెక్క నోటుపుస్తకంలోకి ఎక్కేలోపల అంకె మారిపోతాది. పాతపాఠం అడగండి, నాకంటే బాగా చెప్తాది. అప్పుడే విన్నది నిలబెట్టుకోవడమే దానికి కష్టం."

"మందేమన్నా ఉండాదా సారూ?"

"మందు కాదు. ఒకటొకటిగా చెప్పండి. కంటికి కనబడేట్టు పెట్టండి. తిట్టొద్దండి, తిడితే ఆ ఒకటి కూడా పోతాది." ఆయన కాస్త ఆగి అసలు సంగతికి వచ్చాడు. "ఆదివారం శ్రీహరికోటలో రాకెట్టు వదుల్తున్నారు. మా బడికి ఆరు సీట్లు ఇచ్చినారు. శనివారం పిల్లలకు పరీక్ష. రాకెట్టు నేలమీద ఉన్నప్పటినుంచి ఉపగ్రహం విడిపోయేదాకా ఏడు అంచెలు, నమూనా చేతిలో పెట్టుకుని, పుస్తకం చూడకుండా వరసగా చెప్పాల. పదునాలుగు మంది పేర్లు ఇచ్చినారు. మీ పాప పేరు మొదట ఉంది."

పెంచలమ్మకు అది వింతగా అనిపించలేదు. రాకెట్టు వదిలే రోజు హేమశ్రీ మేడ మీద తూర్పుకు తిరిగి నిలబడుతుంది. దూరాన వేలెడంత నిప్పుగీత లేస్తుంది, మబ్బులో దూరుతుంది, అయిపోతుంది. ఇప్పటికి ఐదుసార్లు చూసింది. దిగి వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "చప్పుడు రాలేదవ్వా." నగరిలో చప్పుడు ఎలా వస్తుంది? చుట్టూ మగ్గాలు కొట్టుకుంటూ ఉంటే ఉరుమే వినబడదు. ఆ పిల్లకు రాకెట్టు చప్పుడు వినాలని ఉంది, ఒక్కసారి, దగ్గరగా.

ఆ సాయంత్రం నుంచే వైద్యం మొదలైంది. ఎదురింటామె జ్ఞాపకానికి మంచిదని సరస్వతాకు తెచ్చింది. పెంచలమ్మ దాన్ని పచ్చడి నూరి అన్నంలో పెట్టింది. హేమశ్రీ నోరు మెదపకుండా తిన్నది, ఏడు అంచెల్లో ఐదు చెప్పింది. గురువారం పొద్దున నానబెట్టిన బాదంపప్పులు పెట్టింది. నాలుగు చెప్పింది. యాభైసార్లు చదివిస్తే ఎక్కుతుందన్నారు. యాభయ్యోసారి రాకెట్టు ఇంధనం నింపకుండానే ఎగిరిపోయింది.

"వదిలిపెట్టవ్వా," అంది హేమశ్రీ పుస్తకం మూసేస్తూ. "నా పేరు కొట్టెయ్యమని సారుకు చెప్తా. ఈసారి కూడా మేడెక్కి చూస్తా."

ఆ మాట పెంచలమ్మకు బాగా తగిలింది. అయినా చేసేదేముంది, పనికి పోయింది.

సాయంత్రం బడి వదలగానే హేమశ్రీ అవ్వకు టిఫిను డబ్బా తీసుకుని షెడ్డుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఢిల్లీబాబు కొత్త గళ్ళ వరస చెబుతున్నాడు. నలుపు ఇరవై, తెలుపు నాలుగు, ఎరుపు పన్నెండు, మళ్ళీ తెలుపు నాలుగు, మళ్ళీ నలుపు ఇరవై. పెంచలమ్మ కళ్ళు మూసింది, తలూపింది, "సరేప్పా" అంది, కోన్ల స్టాండు వెనక్కి నడిచింది. పిల్ల కూడా డబ్బా పట్టుకుని వెనకే వెళ్ళింది.

పెంచలమ్మ పెదవులు కదుపుతూ, పెళ్ళిపత్రిక అట్టముక్క ఒకటి పట్టుకుని, దానికి నల్లదారం చుడుతోంది. ఆ వెంటనే తెల్లది. ఆ వెంటనే ఎర్రది.

"అవ్వా, ఏం జేస్తా ఉండావు?"

పెంచలమ్మ ఉలిక్కిపడి సంచిని వెనక్కి దాచింది. "ఏం జేస్తా? వక్కాకు ఏసుకుంటా ఉండా."

"నోట్లో ఏసుకోకుండా అట్టకు సుడతా ఉండావే."

తప్పించుకునే దారి లేదు. వెనక గోడ, ముందు హేమశ్రీ, పక్కన రెండువందల కోన్లు. పెంచలమ్మ అటూ ఇటూ చూసి పిల్లను దగ్గరికి లాక్కుంది. మగ్గాల హోరులో చెవిలో అరిచి చెప్పినా రహస్యమే.

"నాకూ నిలబడదు మే. ఈ చెవిలో ఇన్నది ఆ చెవి దాకా పోకముందే సగం రాలిపోతాది. సిన్నప్పట్నించీ ఇంతే. రెండు పోగులకు ఒక సుట్టు లెక్కన ఆయప్ప చెప్పంగానే సుట్టేస్తా. ఇంక దీన్ని సూసుకుంటా పడుగు సుడతా."

"అందురూ నిన్ను కంప్యూటరు అంటారే."

"అనేవాళ్ళను నేనేమన్నా పిలిచినానా?" అంది పెంచలమ్మ. తర్వాత గొంతు కొంచెం తగ్గించింది. "పెండ్లైన కొత్తలో మా మామ చెప్పిన వరస మర్సిపోయి, ఎరుపుండాల్సిన కాడ పచ్చ ఏసినా. ఇరవై నాలుగు లుంగీలు. ఒక్కటీ ఎవురూ కొనలా. మా మామ అన్నీ మీ తాతకే ఇచ్చినాడు. నాలుగేండ్లు ఆయన వేరే రంగు కట్టినోడు కాదు. ఆ లుంగీలు దిగిన మూడో రోజే నేను అట్టముక్క పట్టినా."

హేమశ్రీ ఆ అట్టను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళు ముందు నవ్వాయి, ఆ తర్వాతే నోరు.

"అవ్వా, రాకెట్టుకు సుట్టుకోవచ్చా?"

టిఫిను డబ్బా చల్లారిపోయింది. దాన్ని ఎవరూ తెరవలేదు. కోన్ల కింద రాలిన దారపు ముక్కలన్నీ ఏరుకుని ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. రంగులు హేమశ్రీయే ఎంచింది. రాకెట్టును నిలబెట్టి లెక్క మొదలుపెట్టడానికి తెలుపు. ద్రవ ఇంధనం నింపడానికి ఆకుపచ్చ. మొదటి దశ మండి నేల వదలడానికి ఎరుపు. కాలిపోయిన మోటార్లు ఊడి పడిపోవడానికి నలుపు. రెండో దశ అంటుకోవడానికి పసుపు. పైన ఉపగ్రహాన్ని కప్పిన టోపీ తెరుచుకుని రాలిపోవడానికి నీలం. చివరి దశలు మండి, ఉపగ్రహం విడిపోయేచోట పిల్ల ఆగింది.

"దీనికి మంచి రంగు కావాలవ్వా."

పెంచలమ్మ తన చీర కొంగు చివర అల్లాడుతున్న జరీ పోగొకటి లాగి ఇచ్చింది.

శుక్రవారమంతా పండగే. హేమశ్రీ పళ్ళు తోముకుంటూ ఏడూ చెప్పింది. జడ వేసుకుంటూ చెప్పింది. ఎదురింటామె దోసె తెస్తే ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. పెంచలమ్మ అట్ట చేతికిస్తుంది, పిల్ల ఒక్కో రంగు మీద బొటనవేలు పెట్టి ఒక్కో అంచె దాటుతుంది. ఎక్కడా జారలేదు. గ్యాసు, పాలు, తాళం చెవికి కూడా ఒక చిన్న అట్ట తయారై తలుపుకు వేలాడింది. పాలగిన్నె ఆ రోజు ఫ్రిజ్జుకే వెళ్ళింది. సరస్వతాకు పచ్చడి మిగిలిపోయింది.

శనివారం పరీక్షకు పెద్దవాళ్ళు కూడా రావచ్చన్నారు. సైన్సు గదిలో ముందు వరసలో, తల్లిదండ్రుల కమిటీ పెద్దగా ఢిల్లీబాబు కుర్చీలో కూర్చున్నాడు. పెంచలమ్మ కిటికీ దగ్గర నిలబడింది. అట్టముక్క హేమశ్రీ జేబులో ఉంది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు.

పేరు పిలిచారు. హేమశ్రీ బల్ల మీది రాకెట్టు నమూనాను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేయి జేబులోంచి తీసి, గుప్పిట్లోకి ఒకసారి చూసుకుని మొదలుపెట్టింది.

"ముందు ఉపగ్రహం విడిపోతాది సార్."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"తర్వాత టోపీ తెరుసుకుంటాది. తర్వాత రెండో దశ..."

పిల్లలంతా నవ్వుతున్నారు. రాకెట్టు ఆకాశంలోంచి మొదలై అంచెలంచెలుగా కిందికి దిగి వస్తోంది. నేలకు దిగాక ఇంధనం కూడా నింపుకునేట్టుంది. హేమశ్రీ మొహం ఎర్రబడింది గానీ, అట్ట చెప్పినట్టే చెప్పుకుపోతోంది.

కిటికీ దగ్గర పెంచలమ్మకు సంగతి తెలిసిపోయింది. తప్పు తనది. లుంగీ గళ్ళు ఏ చివరనుంచి చదివినా ఒకటే. నలుపు, తెలుపు, ఎరుపు, తెలుపు, నలుపు. ముప్పై ఏళ్ళుగా అట్ట ఎటు పట్టుకున్నా పడుగు సరిగ్గానే వచ్చింది కాబట్టి, దానికి మొదలూ చివరా గుర్తు పెట్టాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. శుక్రవారమంతా తనే సరిగ్గా తిప్పి చేతికిచ్చింది. ఈరోజు పిల్ల జేబులోంచి తలకిందులుగా తీసింది. రాకెట్టు లుంగీ కాదు.

నోరు విప్పితే సంచి సంగతి బయటపడుతుంది. విప్పకపోతే పిల్ల సీటు పోతుంది. ముందు వరసలో ఢిల్లీబాబు పిల్లనే జాలిగా చూస్తున్నాడు.

"అట్ట తిప్పు మే," అంది పెంచలమ్మ.

గది గదంతా కిటికీ వైపు తిరిగింది. రాజారత్నం మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏ అట్టమ్మా?"

పెంచలమ్మ లోపలికి వచ్చింది. నడుములోంచి వక్కాకు సంచి తీసి బల్ల మీద బోర్లించింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటి వెనక పదకొండు అట్టముక్కలు, ఒక్కోదానికి ఒక్కో రంగుల వరస.

"తప్పు నాది సారూ. పిల్లకు నేనే సుట్టిచ్చినా. నేనూ ఇట్లే సూసుకుంటా పని జేస్తా."

ఢిల్లీబాబు కుర్చీలోంచి లేచి ఒక అట్టను తీసుకున్నాడు. "ఇది మన నీలం గళ్ళది గదా?" అన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. "ఇది పోయిన దీపావళిది." తర్వాత ఆయన అట్టలు బల్ల మీదే వదిలి కుర్చీలో కూలబడ్డాడు. ఆ మొహం చూస్తే ఇంట్లో వాళ్ళు చనిపోయిన కబురు విన్నట్టుంది.

"పుస్తకం చూడకూడదని చెప్పినాను కదా హేమశ్రీ," అన్నాడు మాస్టారు.

"పుస్తకం కాదు సార్. దారం."

మళ్ళీ నవ్వులు. మాస్టారు మాత్రం నవ్వలేదు. అట్టను తీసుకుని తిప్పి, జరీ వైపు కాకుండా తెల్లదారం వైపు పైకి పెట్టి, పిల్ల చేతికిచ్చాడు. "మొదట్నించి చెప్పు. నేను మధ్యలో అడ్డం వస్తా. నీలం దగ్గర ఆగు."

హేమశ్రీ తెలుపు మీద బొటనవేలు పెట్టింది. లెక్క మొదలైంది, ఇంధనం నిండింది, ఎరుపు అంటుకుంది, నలుపు ఊడిపోయింది. నీలం దగ్గర ఆగింది.

"టోపీ కిందే ఎందుకు తీసెయ్యరు?"

"కింద గాలుండాది సార్. ఆ రాపిడికి ఉపగ్రహం సెడిపోతాది. పైకి పోయినాక గాలి పల్సబడతాది. అప్పుడు టోపీ ఉన్నా వృథా బరువే. అందుకే తెరిసి పారేస్తారు."

"పసుపు ముందా, నలుపు ముందా?"

"నలుపు సార్. కాలిపోయిన మోటార్లు తగిలించుకోని ఎందుకు ఎగరాల? ఊడిపోతేనే రెండోది లాగగల్దు."

మాస్టారు ఇంకో మూడు ప్రశ్నలు అడిగాడు. అవి అట్ట మీద లేవు. పిల్ల ఒక్కదానికీ కిందికి చూడలేదు. చివర జరీ పోగు దగ్గరికి వచ్చేసరికి నమూనా పైముక్కను ఊడదీసి, మునివేళ్ళ మీద నిలబడి, చేయి ఎంత అందితే అంత ఎత్తుకు లేపింది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ వాళ్ళు లేచి చూశారు.

"సార్, మేమూ అట్ట చేసుకునుంటే మాకూ వచ్చేది," అన్నాడొక పిల్లాడు.

"చేసుకో. ఎవరొద్దన్నారు?" అని మాస్టారు చీటీలో పేరు రాశాడు. "హేమశ్రీ, ఒక సీటు నీది. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు, ఆధారు కార్డు, నీళ్ళ సీసా, టోపీ, మధ్యాహ్నానికి అన్నం..."

"సార్, ఒకటొకటిగా చెప్పండి," అంటూ హేమశ్రీ జేబులోంచి దారం తీసింది.

ఆదివారం బస్సు సత్యవేడు, తడ దాటి సూళ్ళూరుపేట మీదుగా వెళ్ళింది. పులికాట్ నీళ్ళ మధ్య రోడ్డు మీద పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. అవన్నీ పెంచలమ్మ చూడలేదు. ఆమె షెడ్డులో పడుగు చుడుతూ, గోడ గడియారం వైపు చూస్తూ ఉంది. పదకొండున్నరకు మిషను ఆపి బయటికి వచ్చి తూర్పుకు చూసింది. వేలెడంత నిప్పుగీత లేచి మబ్బులో దూరింది. ఈసారి ఆమెకు అది మునుపటి కంటే పెద్దగా కనబడింది. వెనకే మురుగేష్, ఇంకో నలుగురు కూడా వచ్చి నిలబడ్డారు. ఢిల్లీబాబు రాలేదు. నిన్నటినుంచి ఆయన పెంచలమ్మతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

సాయంత్రం ఐదున్నరకు హేమశ్రీ ఇంటికి కూడా పోకుండా తిన్నగా షెడ్డుకు పరిగెత్తుకొచ్చింది. పన్నెండు మగ్గాలూ దడదడలాడుతున్నాయి. పిల్ల చేతులు తిప్పుతూ, ఎగురుతూ ఏదో చెబుతోంది, ఒక్క ముక్క వినబడటం లేదు. పెంచలమ్మ చెవి దగ్గర చేయి పెట్టుకుంది. పిల్ల గొంతు పెంచింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. పన్నెండు మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయాయి.

"...మొదట ఎలుగే వస్తాదవ్వా, చప్పుడు లేదు, నేను ఏడ్సబోయినా, అప్పుడొచ్చింది సూడూ," హేమశ్రీ గొంతు షెడ్డంతా మోగింది, "ఇట్లాంటివి లక్ష మగ్గాలు ఒకేసారి ఏసినట్టు, కాళ్ళకింద బెంచీ వణికింది, ఇక్కడ, ఎదలో కొట్టుకున్నాది. ఇంకోటి తెలుసా? పెద్ద తెర మీద సూపించినారు. రాకెట్టు వదిలే సార్లు వరసగా కూసోనుండారు. అంత సదువుకున్నోళ్ళు, అందురి ముందరా కాగితాలే. ఒకాయన ఒక్కో వరస చదువుతాడు, ఇంకొకాయన అయిందంటాడు. అప్పుడే తర్వాతది. వాళ్ళూ సూసే చేస్తారవ్వా."

మురుగేష్ చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. ఢిల్లీబాబు తన బల్ల దగ్గరనుంచి లేచి నెమ్మదిగా వచ్చాడు. నిన్నటినుంచి లోపల నలుగుతున్నది ఇప్పుడు బయటికొచ్చింది.

"అది సరేలేక్కా. నువ్వు మాత్రం మమ్మల్ని బాగా మోసం జేసినావు. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడే, పెంచలమ్మ తలకాయలో అన్ని గళ్ళూ ఉండాయని. ముప్పై ఏండ్లు అట్ట సూసుకుంటా చేసినావని తెలిస్తే ఇప్పుడు నేను ఎవురికి మొగం సూపించేది?"

పెంచలమ్మ వక్కాకు సంచి విప్పి, ఒక ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం రాసింది.

"రాకెట్టుకే కాగితం సూసుకుంటా ఉండారంటే, నీ లుంగీకి నేను అట్ట సూసుకుంటే ఏం తక్కువైందప్పా?"